పద్నాలుగో డంపర్ పాసైన విధం

ఏప్రిల్ 11, ఉదయం 5:50

ఏడో గ్యాలరీలో పద్నాలుగో డంపర్ ముందు ఫిట్టర్ ఓదెలు చనిపోయి కనిపించాడు. వయసు నలభై ఆరు. చనిపోయింది మంచి గాలి ఉండాల్సిన వైపు. డంపర్ మూసి ఉంది.

మొదట చూసింది అతని భార్య కొమురమ్మ. షిఫ్టు మారే వేళ అంబలి చెంబు పట్టుకుని వెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుని, నుదురు ఇనుప చట్రానికి ఆనించి ఉన్నాడట. లోపలి చప్పుడేదో వింటున్నాడనుకుని కాసేపు పిలవకుండా నిలబడిందట.

పత్రిక తరఫున నేను 6:25కి చేరాను. మలుపు తిరగ్గానే కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. రెండో నిమిషానికి ఆ కంపు తెలియలేదు. కంపు తగ్గిందనుకున్నాను. తగ్గలేదు, నా ముక్కే పనిచేయడం మానేసింది. తల దిమ్మెక్కాక ఆ సంగతి అర్థమై వెనక్కి వచ్చాను.

డంపర్ అంటే గాలి దారికి తలుపు. గోడంత ఇనుప చట్రం, అందులో ఆరు అడ్డ రెక్కలు, రెక్కల అంచుల వెంట రబ్బరు పట్టీ. పక్కనున్న పిడి తిప్పితే రెక్కలు ఒకదాని మీద ఒకటి వాలి దారి మూసుకుంటుంది. పద్నాలుగో డంపర్‌కు ఇవతల 212 మంది నివాసం. అవతల గ్యాస్ గుంత. ఈ నేలకింది ఊళ్లో నాలుగు వేల మంది మరుగుదొడ్లు, మేకల కొట్టాలు, వంటింటి చెత్త అంతా అక్కడికే చేరుతుంది. అక్కడ పుట్టే గ్యాస్‌తోనే అందరి పొయ్యిలూ మండుతాయి.

శవాన్ని మోసుకుపోయిన నలుగురిలో ఇద్దరు వాంతి చేసుకున్నారు.

ఏప్రిల్ 11, మధ్యాహ్నం 1:15

ఊరి కమిటీ బోర్డు మీద ప్రకటన అంటించారు. ఫిట్టర్ ఓదెలు అనుమతి లేకుండా డంపర్ తెరవడంతో విషవాయువు తగిలి మరణించాడని, మిగతా డంపర్లన్నీ క్షేమంగా ఉన్నాయని అందులో ఉంది. చావుకూ ప్రకటనకూ మధ్య ఏడు గంటల పాతిక నిమిషాలు. ఈలోగా కొమురమ్మను ఎవరూ ఏమీ అడగలేదు.

అనుమతి లేకుండా డంపర్ తెరిస్తే ఆ కుటుంబం గాలి కార్డు, అంటే కింది చల్లటి గ్యాలరీల్లో ఉండే హక్కు, రద్దవుతుంది. కార్డు పోయినవాళ్లు పై మెట్టులో ఉండాలి. పై మెట్టు అంటే పాత గని నోటికి దగ్గరి వరస. నిన్న మధ్యాహ్నం అక్కడ 46 డిగ్రీలు. కొమురమ్మ మామ రాయమల్లుకు డెబ్బై ఒకటి, చల్లటి గ్యాలరీలోనే మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి పీల్చుకుంటాడు. గత వేసవిలో పై మెట్టుకు పంపిన తొమ్మిది మంది ముసలివాళ్లలో దసరాకు మిగిలింది ఇద్దరు.

కార్డు మీద విచారణ 18వ తేదీ ఉదయం 11 గంటలకు.

రెండున్నరకు కమిటీ మనుషులు నలుగురు సాంబ్రాణి కుంపట్లతో ఏడో గ్యాలరీ అంతా తిరిగారు. వెనకే ఒకడు ఫినాయిల్ చల్లాడు. కుళ్లిన గుడ్లు, సాంబ్రాణి, ఫినాయిల్ కలిస్తే వచ్చే కంపుకు పేరు పెట్టడం నా వల్ల కాదు. తిరగడం అయ్యాక ఆ నలుగురూ అదే కారిడార్‌లో కూర్చుని డబ్బాలు విప్పి భోజనం చేశారు. గ్యాస్ మీద వండిన అన్నమే.

ఏప్రిల్ 12, ఉదయం 9:30

కొమురమ్మ ఇంటికి వెళ్లాను. పక్కింటివాళ్లు తప్ప ఎవరూ రాలేదు. రారు కూడా. ఏడో గ్యాలరీ వాళ్లను మిగతా ఊరు ‘కంపోళ్లు’ అంటుంది. నీళ్ల వరసలో వాళ్ల వెనక ఎవరూ నిలబడరు. బళ్లో వాళ్ల పిల్లలకు వేరే బెంచీ. ఐదేళ్ల కిందట ఆ గ్యాలరీలో ‘పరిశుభ్రత వారం’ జరిపి ఇంటింటికీ రెండు సబ్బులు పంచారు. ఆ వార్త పత్రికలో రాసింది నేనే. వాళ్ల దగ్గర వాసన ఎందుకు వస్తుందో ఆ వార్తలో లేదు. నేను అడగలేదు.

డంపర్ తెరిచి ఉందా అని అడిగితే కొమురమ్మ నా వంక చూడకుండా జవాబు చెప్పింది.

“మూసే ఉండె సారూ. కాళ్లు వణికితె ఆ పిడి పట్టుకొనే లేసిన. తెరిసుంటే పిడి అడ్డంగ ఉంటది గదా. నిలువుగ ఉండె.”

అది ఎవరికైనా చెప్పావా అన్నాను. శవాన్ని తీసుకుపోయిన వాళ్లకు చెప్పిందట. ముందు స్నానం చేసి రమ్మన్నారట.

ఆ తర్వాత తనంతట తానే ఇంకో సంగతి ఎత్తింది. ఏడాదిగా ఇంట్లోంచి ఆమె చీరలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. పదకొండు పోయాయి. అడిగితే ఓదెలు నవ్వి ఊరుకునేవాడు.

“ఎవతికో పెడుతున్నడనుకున్న. మూడు నెలల సంది కంచంల కూర ఎయ్యలె, వట్టి చారు పోసిన. ఒక్కనాడు ఇదేందని అడగలె మనిషి.”

రాయమల్లు మంచం మీంచి, వాడికి చారే ఇష్టం అన్నాడు. కోడలు ఆయన్ను ఊరుకొమ్మంది.

ఏప్రిల్ 13, ఉదయం 10:40

డంపర్ దగ్గర కాపలా పెట్టారు. కాపలావాడు నాకు పది నిమిషాలు ఇచ్చాడు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని వెళ్లాను. అవతల గాలి లాగే ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఆ వేళలో కంపు తక్కువే.

పై ఐదు రెక్కల పట్టీలు పగిలాయి గానీ ఉన్నాయి. అట్టడుగు రెక్కకు మూరెడు మేర పట్టీ లేదు. ఆ సందులో గుడ్డలు కుక్కి ఉన్నాయి. తీగతో ఒక పీలిక లాగాను. పైన నల్లటి జిగురు, కింద ఇంకొకటి, దాని కింద ఇంకొకటి. లోపలికి పోయేకొద్దీ అవి గుడ్డలో కాదో తెలియనంతగా మెత్తబడి ఉన్నాయి. నాలుగు పీలికలు డబ్బాలో వేసుకున్నాను. వేళ్లకు అంటిన జిగురు మూడుసార్లు సబ్బు పెట్టినా వదల్లేదు. మధ్యాహ్నం చెంచాతో తిన్నాను.

కొమురమ్మ ఆ పీలికలను చాటలో పరిచి నీళ్లు పోసింది. మూడింటి రంగు తేలలేదు. నాలుగోదానికి ఎర్ర అంచు మీద పసుపు చుక్కలు తేలాయి. తన తమ్ముడి పెళ్లికి పెట్టిన చీర అది. ఆమె దాన్ని పిండి, దులిపి, లోపలి గదిలో తీగ మీద ఆరేసి వచ్చింది.

తెరిచిన డంపర్‌కు ఎవరూ గుడ్డలు కుక్కరు.

తర్వాత ఫ్యాన్ గదికి వెళ్లి పుస్తకం చూశాను. గ్యాస్ గుంత మీది గాలిని బయటికి లాగే ఫ్యాన్‌ను రోజుకు మూడుసార్లు, షిఫ్టు మారేటప్పుడు, పావుగంట ఆపుతారు. అది ఆగగానే అవతల గాలి ఒత్తిడి పెరిగి సందుల్లోంచి ఇవతలికి నెడుతుంది. 11వ తేదీన తెల్లవారుజామున 5:05కి ఆపారు. బెల్టు తెగింది. తిరిగి నడిచింది 5:50కి. రోజూ పావుగంట ఆగేది ఆ రోజు ముప్పావు గంట ఆగింది. గుంత గాలి మామూలు గాలికంటే బరువు, నేలబారుగా పారుతుంది. ఓదెలు అట్టడుగు రెక్క ముందు కూర్చుని ఉన్నాడు.

ఏప్రిల్ 14, మధ్యాహ్నం 12:10

డంపర్ల పరీక్ష కాగితాలు తీశాను. పద్నాలుగో డంపర్ పందొమ్మిదేళ్లుగా ప్రతి పరీక్షలోనూ పాసైంది. ఆఖరి పరీక్ష ఈ జనవరి 9న. ‘లీకేజీ లేదు.’ కింద ఏడుగురు సాక్షుల సంతకాలు. ఐదో సంతకం నాది.

పరీక్ష ఎలా చేస్తారో రాస్తాను. ఒకప్పుడు గాలి ఒత్తిడి కొలిచే మీటరు ఉండేది. అది పాడైనప్పుడు, కొత్తది వచ్చేదాకా అని కారం పరీక్ష మొదలుపెట్టారు. డంపర్ అవతల, గుంత వైపు నిప్పు పనికిరాదు కాబట్టి పొగ పెట్టరు. అవతలి ఫ్యాన్ ఆపి, ముసుగు వేసుకున్న పనివాడు మెత్తటి కారప్పొడిని తిత్తితో రెక్కల మీదికి కొడతాడు. ఇవతల ఏడుగురు పెద్దమనుషులు పది నిమిషాలు కూర్చుంటారు. ఎవరైనా దగ్గితే లీకేజీ ఉన్నట్టు. దగ్గకపోతే లేనట్టు.

మొదట్లో ఇది పనిచేసే ఉంటుంది. సాక్షులను నేల మీద కూర్చోబెట్టడం బాగుండదని తర్వాత కుర్చీలు వేశారు. కుర్చీ వేయగానే ముక్కు నేలకు నాలుగడుగుల ఎత్తుకు వెళ్లింది. గొంతు ఎండిపోతుందని తలా ఒక బెల్లం ముక్క ఇవ్వడం మొదలుపెట్టారు. బెల్లం చప్పరిస్తుంటే దగ్గు ఆగుతుందని పసిపిల్లల తల్లులందరికీ తెలుసు. ఉక్కపోస్తోందని సాక్షుల వెనక టేబుల్ ఫ్యాన్ పెట్టారు. అది వాళ్ల వీపు మీంచి డంపర్ వైపు గాలి కొడుతుంది. వచ్చిన కారం వచ్చిన దారినే పోతుంది.

జనవరిలో ఆ ఫ్యాన్ కాస్త పక్కకు తిరిగి ఉంది. చెమటలు పోస్తున్నాయి, ఇటు తిప్పమని అడిగింది నేను. ఎవరు తిప్పారో ఇప్పుడు గుర్తుకొచ్చింది. ఓదెలు. పిడి దగ్గర నిలబడి ఉన్నాడు. ఫ్యాన్ వంక, నా వంక చూసి వచ్చి తిప్పాడు.

దగ్గకుండా కూర్చోవడం ఈ ఊళ్లో గొప్ప. నాలుగో గ్యాలరీ తులసమ్మ టీచర్ తొమ్మిది పరీక్షల్లో ఒక్కసారీ దగ్గలేదని కమిటీ శాలువా కప్పింది. ఎనిమిదేళ్ల కిందట దగ్గిన ఒక గుమాస్తాను ఇప్పటికీ ‘దగ్గు రాజయ్య’ అనే పిలుస్తారు. అది జలుబు దగ్గని రాసి, అతన్ని మళ్లీ సాక్షిగా పిలవలేదు.

సాయంత్రం తులసమ్మ టీచర్‌ను కలిశాను. నిజంగా దగ్గు రాలేదా అని అడిగాను. ఆవిడ చాలాసేపు ముక్కుపొడి డబ్బా మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు.

“వచ్చిందయ్యా. నాలుగైదు సార్లు వచ్చింది. మింగేశాను. శాలువా కప్పాక ఇంక ఎలా దగ్గుతావు?”

నాకూ జనవరిలో గొంతు మండింది. ఇన్నాళ్లూ అది బెల్లం ఘాటనుకున్నాను. బెల్లానికి ఘాటుండదు.

ఏప్రిల్ 15, ఉదయం 11:00

గాలి ఇంజనీరు పురుషోత్తం గారి ఆఫీసు. మర్యాదస్తుడు. ఎప్పుడు వెళ్లినా టీ ఇస్తారు. ఈ రోజూ ఇచ్చారు. ఆ గదిలో టీ బల్ల ఆరేళ్లుగా లేదు. నీలం పూల గుడ్డ పరిచిన చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. గ్లాసులు దాని మీదే పెడతాం. గుడ్డ నిండా గుండ్రటి టీ మరకలు. కొన్ని నావి.

ఓదెలు డంపర్ మార్చమని రాసిన అర్జీలు ఉన్నాయా అన్నాను. ఉన్నాయి, పదకొండు అన్నారు. దాచలేదు. మార్చడానికి డంపర్ లేదా అన్నాను. ఆయన చూపు ఒక్క క్షణం నా గ్లాసు మీదికి వెళ్లింది. నేను గ్లాసు తీసి గుడ్డ ఎత్తాను.

పెట్టె మీద చీటీ ఉంది. ‘డంపర్, తక్కువ లీకేజీ రకం, ఒకటి, విడిభాగాలుగా. పద్నాలుగో స్థానం.’ వచ్చిన తేదీ ఆరేళ్ల కిందటిది. మేకులు ఊడలేదు.

ఆ డంపర్ గురించి ఆయన ఇష్టంగా చెప్పారు. రెక్కలు రెండు వరసలు. అంచులకు రబ్బరు కాదు, స్ప్రింగులా వంగే ఉక్కు పట్టీలు. రెండు వరసల మధ్య ఖాళీలోకి మంచి గాలిని ఒత్తిడితో నింపుతారు. ఎక్కడైనా సందు ఉంటే మంచి గాలే అటూ ఇటూ కారుతుంది తప్ప చెడ్డ గాలి ఇవతలికి రాదు. బిగించడానికి నాలుగు రోజులు పడుతుంది. ఆ నాలుగు రోజులూ గుంత ఆపాలి. అంటే ఊరంతటికీ గ్యాస్ ఉండదు.

“నాలుగు వేల మందిని నాలుగు రోజులు అటుకులు నానబెట్టుకు తినమని ఎవరు చెబుతారండీ? కమిటీ ప్రతి ఏడూ వచ్చే ఏడు చూద్దామంది. పరీక్ష ఎలాగూ పాసవుతోందిగా.”

పరీక్ష ఎలా పాసవుతోందో మీకు తెలుసు కదా అన్నాను.

“మీరూ సంతకం పెట్టారుగా. ఆ ఫ్యాన్ ఇటు తిప్పమన్నది కూడా తమరేనండీ.”

నిజమే. టీ సగం వదిలేసి వచ్చాను. నోట్లో తీపి చాలాసేపు పోలేదు. గ్లాసు పెట్టిన చోట కొత్త మరక పడింది.

ఏప్రిల్ 16, ఉదయం 8:00

పిడి నిలువుగా ఉందన్నది కొమురమ్మ ఒక్కదాని మాట. గుడ్డ పీలికలు నేనే కుక్కి తీశానని అనవచ్చు. తులసమ్మ టీచర్ విచారణలో నోరు విప్పుతారో లేదో తెలియదు. లీకేజీ ఉందని చూపించే కొలత ఒకటి కావాలి. మీటరు లేదు.

దారి చూపింది కొమురమ్మ. మెట్టెలు తీసేయమని పెద్దవాళ్లు చెబితే తీసి నా ముందు పెట్టింది. బొగ్గులా నల్లగా ఉన్నాయి. ఇవి వెండివేనా అన్నాను.

“ఎండియే. ఈ గ్యాలరీల ఎవల మెట్టెలైనా గంతే. చింతపండుతోటి తోముతె తెల్లగైతయ్, నాలుగొద్దులకు మల్ల నల్లగైతయ్. ఒంటి మురికి అంటరు. నాలుగో గ్యాలరీల ఉన్న మా చెల్లెకు ఎన్నడు నల్లగ గాలె. అదేమన్న పాలతోటి తానం జేస్తదా?”

కుళ్లిన గుడ్ల కంపు ఏ వాయువుదో, అదే వెండిని నల్లబరుస్తుంది. ఇది బడి పుస్తకంలో ఉంది. నేనూ చదువుకున్నాను.

మధ్యాహ్నానికి గ్యాలరీ ఆడవాళ్లు ఇరవై నాలుగు మెట్టెలు తెచ్చి చింతపండుతో తోమి ఇచ్చారు. పన్నెండింటిని దారానికి గజానికి ఒకటి చొప్పున కట్టి, పద్నాలుగో డంపర్ నుంచి ఇవతలికి నేల మీద పరిచాం. మిగతా పన్నెండింటిని అలాగే నాలుగో గ్యాలరీలో తొమ్మిదో డంపర్ ముందు పరిచాం. అక్కడ డంపర్ వెనక ఉన్నది ధాన్యం గది. కాపలావాడి అమ్మ మెట్టెలు కూడా అందులో ఉన్నాయి, అతను అడ్డు చెప్పలేదు. రెండుచోట్లా దారం చివర్లకు లక్క వేసి ముద్ర వేయమని తులసమ్మ టీచర్‌ను అడిగాను. వచ్చారు. మొదటిసారి ఏడో గ్యాలరీలోకి వచ్చారట. గుమ్మంలోనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎదురుగా ఆడవాళ్లు చూస్తుండగా మెల్లగా తీసేశారు. తీశాక దగ్గు వచ్చింది. ఈసారి మింగలేదు.

ఏప్రిల్ 17, మధ్యాహ్నం 2:30

ఇరవై నాలుగు గంటలు. మూడు షిఫ్టులు, మూడుసార్లు ఫ్యాన్ ఆపారు.

పద్నాలుగో డంపర్ ముందు: మొదటి ఐదు మెట్టెలు నలుపు. ఆరు, ఏడు గోధుమ రంగు. ఎనిమిది నుంచి పన్నెండు దాకా పసుపు ఛాయ. తొమ్మిదో డంపర్ ముందు: పన్నెండూ తెలుపు. ముద్రలు చెదరలేదు. తులసమ్మ టీచర్ సంతకం చేశారు. శాలువా గురించి రాయవద్దన్నారు. రాస్తానన్నాను. అయితే తొమ్మిది పరీక్షలని కాదు, తొమ్మిది అబద్ధాలని రాయమన్నారు.

గజం లెక్కన చూస్తే పన్నెండో మెట్టె ఉన్న చోటికి రెండు గజాల దూరంలో మొదటి ఇంటి గుమ్మం. ఆ ఇంట్లో ఉయ్యాల నేలకు జానెడు ఎత్తున వేలాడుతోంది. ఇప్పుడు పైకి కట్టించాను.

వార్త రాసి పత్రికకు ఇచ్చాను. సంపాదకుడు చదివి, విచారణ అయ్యేదాకా ఆగుదామన్నారు. ఆయన ఇంట్లో రేపు మనవరాలి ఓణీల వేడుక, మూడు వందల మందికి వంట. గ్యాస్ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వేడుకకు రమ్మని కార్డు ఇచ్చారు. కార్డుకు నాలుగు మూలలా పసుపు ఉంది.

ఏప్రిల్ 18, ఉదయం 11:00

విచారణ. కమిటీ సభ్యులు ఏడుగురు, అధ్యక్షుడు దామోదరం గారు, ఒక గుమాస్తా. కొమురమ్మ నిలబడే ఉంది. ఆమె కోసం కుర్చీ వేయలేదు. సభ్యుల వెనక టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది. ఆమె వైపు గాలి కొడుతోంది.

మెట్టెల దారాలు బల్ల మీద పెట్టాను. ఇద్దరు సభ్యులు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. నల్లబడిన వెండి నుంచి కంపు రాదు. వాళ్లు జరిగింది అవి ఎవరి కాళ్లవో తెలిసి. ఒకాయన, ఆడవాళ్ల కాలి మెట్టెలు తెచ్చి పంచాయతీ బల్ల మీద పెట్టడం ఏం పద్ధతి అన్నారు. ఓదెలు గురించి ఆ గదిలో అప్పటిదాకా ఎవరికీ అంత కోపం రాలేదు.

గుడ్డ పీలికలు చూపించాను. ఫ్యాన్ గది పుస్తకం చదివాను. జనవరి పరీక్షలో నేను ఫ్యాన్ తిప్పమన్న సంగతి, గొంతు మండినా సంతకం పెట్టిన సంగతి చెప్పాను. పురుషోత్తం గారు లేచి, వెండి నల్లబడడానికి చెమట, సబ్బు, వంట ఆవిరి, ఇంకా చాలా కారణాలుంటాయని, డంపర్ లీకేజీ పరిమితికి లోబడే ఉందని, మూసి ఉన్న డంపర్ ముందు మనిషికి ప్రమాదం ఉండదని అన్నారు. కాబట్టి ఓదెలు దాన్ని తెరిచే ఉండాలి. సభ్యులు తలలు ఊపారు.

అధ్యక్షుడు కొమురమ్మను, నువ్వేమైనా చెప్పుకుంటావా అన్నారు.

“నేనొక్కటే అడుగుత సారూ. రేపు షిఫ్టు మారంగ డంపర్ మీరే మూయుండ్రి. పిడి నిలువుగ పెట్టుండ్రి. బెల్టు తెగినన్నాటి లెక్క ఫ్యాన్ ముప్పావు గంట ఆపుండ్రి. మా ఆయన మోకాళ్ల మీద కూసున్న తావుల మీల ఒక్కలు కూసోండ్రి. లేసొస్తె నా కార్డు నేనే చింపుత. మా మామను నేనే పైకి మోసుకపోత.”

పురుషోత్తం గారు అలవాటైన మర్యాదతోనే జవాబిచ్చారు.

“అక్కడ కింద కూర్చోకూడదమ్మా. ప్రాణం పోతుంది.”

గుమాస్తా కలం ఆగలేదు. మాట పూర్తయ్యేసరికి రాయడమూ పూర్తయింది. గోడ గడియారంలో 11:42.

వెనక వరసలోంచి తులసమ్మ టీచర్, బళ్లో ప్రశ్న అడిగినట్టే అడిగారు. “డంపర్ మూసి ఉన్నా పోతుందా పురుషోత్తం గారూ?”

ఆయన నీళ్లు తాగారు. అధ్యక్షుడు ఆ వాక్యం కొట్టేయమని గుమాస్తాకు చెప్పారు. పేజీలకు నంబర్లున్నాయని, కొట్టివేతలు ఉంటే కారణం పక్కన రాయాలని గుమాస్తా అన్నాడు. ఏ కారణం రాయమంటారని అడిగాడు. ఆ గుమాస్తా పేరు రాజయ్య. ఎనిమిదేళ్ల కిందట దగ్గింది ఇతనే.

కమిటీ గంటసేపు లోపలికి వెళ్లింది. లోపలి నుంచి పకోడీల వాసన వచ్చింది. 1:05కి తీర్మానం చదివారు. తప్పు జరిగిందని అందులో ఎక్కడా లేదు. ‘ముందుజాగ్రత్తగా’ పద్నాలుగో డంపర్ మారుస్తారు. ఓదెలు అనుమతి లేకుండా తెరిచాడన్న ప్రకటన అలాగే ఉంది. కొమురమ్మ కార్డు రద్దు విషయం వాయిదా వేశారు. బయటికి వస్తూ ఒక సభ్యుడు, ఈ కంపోళ్ల వల్ల నాలుగు రోజులు పస్తులు అన్నాడు. నాకు వినపడాలనే అన్నాడు.

కొమురమ్మ బల్ల మీంచి మెట్టెలన్నీ కొంగులో పోసుకుంది. ఎవరివి వాళ్లకు ఇవ్వాలి, నల్లబడ్డవన్నీ ఒకేలా ఉన్నాయి, ఎట్ల పోల్చుకునేదని అడిగింది. తోమితే తెలుస్తుందన్నాను.

ఏప్రిల్ 18, సాయంత్రం 5:30

బోర్డు మీద అంటించినది, అంటించనిది కలిపి:

రేపు, 19న ఉదయం 8 గంటలకు గ్యాస్ ఆపుతారు. ఏడో గ్యాలరీ 212 మందిని ఈ రాత్రే బడి హాల్లోకి మారుస్తారు. వేరే బెంచీలు వేయబోమని తులసమ్మ టీచర్ చెప్పారు. 8:30కి ఇంజనీరు ఆఫీసులోని పెట్టె మేకులు ఊడదీస్తారు. గుడ్డ, గ్లాసులు ఇప్పటికే తీసేశారు. పాత డంపర్ విప్పేటప్పుడు అట్టడుగు రెక్కలోని గుడ్డలన్నీ కమిటీ ముందు లెక్కపెట్టాలని అర్జీ ఇచ్చాను. అనుమతి వచ్చింది. ఎన్ని చీరలో కొమురమ్మ వచ్చి చెబుతుంది.

23న ఉదయం 10 గంటలకు కొత్త డంపర్‌కు కారం పరీక్ష. సాక్షులు ఏడుగురు. రాజయ్యను పిలిచారు. అదే అర్జీలో అడిగినట్టు కుర్చీలు ఉండవు, నేల మీద కూర్చోవాలి. టేబుల్ ఫ్యాన్ ఉండదు. బెల్లం ఇవ్వరు.

కొట్టివేతకు కారణం దొరక్క ఆ వాక్యం పుస్తకంలో అలాగే ఉంది కాబట్టి, 24న ఉదయం 11 గంటలకు ఓదెలు డంపర్ తెరిచాడా లేదా అన్న విషయం, దాంతోపాటు గాలి కార్డు విషయం తిరిగి విచారిస్తారు. 11:42కి రాసిన పేజీ మొదట చదువుతారు. తర్వాత జనవరి 9 పరీక్ష కాగితం మీద సంతకం పెట్టిన ఏడుగురిని వరసగా పిలుస్తారు.

నేను ఐదోవాణ్ణి.